ఆపరేషన్ మిర్చినారు

"సైంటిస్ట్ రామలింగం గారిని నిన్న సాయంత్రం కాల్చేసిన్రు."

లాడ్ బజార్‌లో గాజుల దుకాణం పై గది. గూఢచారి విభాగం చీఫ్ విమలాదేవి ఆ ముక్క చెప్పి టేబుల్ మీద ఒక ఫొటో పెట్టింది. కింద నుంచి బేరాల గోల వినిపిస్తోంది. కుర్చీలో కుదురుగా కూర్చోలేక నిలబడ్డ ఏజెంట్ ప్రేమ్‌రాజ్ ఫొటో అందుకున్నాడు. అందులో శవం లేదు. మిర్చి మొక్క ఉంది. కాండం నిండా బుడిపెలు.

"ఇదేంది మేడమ్?"

"కణితి. ఆయన కనిపెట్టింది ఇదే. ఒక విదేశీ ముఠా ల్యాబ్‌ల బ్యాక్టీరియా తయారుచేసి నారుకు ఎక్కించింది. నీ భుజానికి బుల్లెట్ తగిలినప్పుడు కణాలు రెండు రెండుగ విడిపోయి గాయం పూడ్చినయ్. పని కాంగనే ఆగినయ్. ఈ మొక్కల కణాలకు ఆగుడు తెల్వదు. కాయ పట్టకముందే చెట్టు చస్తది, పక్క చేనుకు పాకుతది. తర్వాత మందు అమ్మేది గూడ ఆ ముఠానే."

"నారు ఎక్కడుంది?"

"మాదన్నపేట మార్కెట్ల. పదిన్నరకు రెండు వ్యాన్లు బయల్దేరుతయ్. ఒకటి నీలం, ఒకటి పసుపు. ఒకదాంట్ల మంచి నారు, ఒకదాంట్ల ఇది. రెండు వేరే దార్లు, మన దగ్గర ఒక్కటే టీమ్. ఏది ఆపాల్నో మనస్విని చెప్తది."

ఆ పేరు వినగానే ప్రేమ్‌రాజ్ చెయ్యి భుజం మీది మచ్చ దగ్గరికి వెళ్లింది. రెండేళ్ల కింద కిషన్‌బాగ్‌లో నెత్తురు కారుతున్న అతన్ని కారులోకి లాగి బతికించింది ఆమే. ముఠాలో చేరి, ఈ ఆఫీసుకు సమాచారం అందిస్తున్న ఏజెంట్.

పది గంటలకు ప్రేమ్‌రాజ్ లుంగీ, తలకు తువ్వాలతో హమాలీ వేషంలో మార్కెట్‌లో ఉన్నాడు. కాకరకాయల బస్తా ఒకచోట దించాడు, మళ్లీ ఎత్తాడు, ఇంకోచోట పెట్టాడు. వాచీ చూశాడు.

నల్లకళ్లద్దాలు, ముంజేతుల నిండా లక్క గాజులు. మనస్విని పక్కన నిలబడి కొత్తిమీర కట్ట ఎత్తింది.

"వాసన లేదేంది?"

"వాన పడ్డంక వస్తది."

కోడ్ సరిపోయింది. అతని అరచేతిలోకి చిన్న గాజు స్లైడ్ జారింది. "నీలం వ్యాన్‌ల మొక్క. వేరు కొన."

ప్రేమ్‌రాజ్ చొక్కా గుండీ పీకి ఫోన్ కెమెరాకు తగిలించాడు. గుండీ కాదది, మైక్రోస్కోప్ లెన్స్. ఎర్ర రంగు పట్టిన కణాలు. కొన్నింటిలో దారాల్లాంటి క్రోమోజోములు రెండు జట్లుగా చీలి చెరో కొసకు చేరుతున్నాయి.

"విభజన నడుస్తుంది. కన్ఫర్మ్. జల్ది, ప్రేమ్!"

అతను కాలర్‌లోని మైక్‌లో అన్నాడు: "నీలం."

నీలం వ్యాన్ దారిలో కాపు కాయడానికి టీమ్ కదిలింది. మనస్విని గుంపులో కలిసిపోయింది.

పది ఇరవై. పని అయిపోయినా ప్రేమ్‌రాజ్ కాలు నిలవలేదు. వేరు కొన... మంచి మొక్క పెరిగేది కూడా అక్కడే కదా! అక్కడ కణాలు విడిపోకపోతేనే వింత. చూడాల్సింది కాండం నడుమ. అక్కడ ఎదిగిన కణాలు స్థిమితంగా ఉండాలి. సెల్ బయాలజీ చదివిన మనస్వినికి అది తెలియదా?

పసుపు వ్యాన్ ఇంకా కదల్లేదు.

పసుపు వ్యాన్‌లో ట్రే సర్దుతున్నట్టు నటించి ఒక మొక్క పీకాడు. కాండం నడుమ బ్లేడుతో పల్చగా కోసి, స్లైడ్ తుడిచి దాని మీద పెట్టాడు. పెన్ను నొక్కితే ఎర్ర రంగు చుక్క పడింది. రంగు పట్టాలంటే వేడి కావాలి. డానియేలు చాయ్ బండి కనిపించింది.

"అన్నా, గిన్నె మూత మీద ఇది జర పెడ్త."

"ఏంది భాయ్, దవఖానా తెరిచినవా?"

"ఒక్క నిమిషం అన్నా!"

ఆ నిమిషం గడవడానికి చాలాసేపు పట్టింది. లెన్స్‌లో ఎటు చూసినా చీలుతున్న కణాలే.

పసుపు వ్యాన్ స్టార్టయింది.

"మేడమ్, పసుపు! మనస్విని మోసం చేసింది!"

"టీమ్ దూరం పోయింది. నువ్వే ఆపాలె."

మెయిన్ రోడ్డు ఇంకా ఇరవై అడుగుల దూరం. పక్కన లక్ష్మయ్య ఉల్లిగడ్డల తోపుడుబండి. ప్రేమ్‌రాజ్ దాన్ని బలంగా వ్యాన్‌కు అడ్డంగా నెట్టాడు. ఢామ్మంది. ఉల్లిగడ్డలు రోడ్డంతా దొర్లాయి. వ్యాన్ ముందు సీటులోంచి మనస్విని దూకింది, చేతిలో పిస్టల్.

"పక్కకు జరుగు, ప్రేమ్."

"నన్ను బతికించినవ్ కదా!"

"బతికించుమన్నది ముఠావాళ్లే. నీ నమ్మకం ఎప్పటికైన పనికొస్తదన్నరు."

ఆమె గురి చూస్తూ ఒక అడుగు ముందుకు వేసింది. హైహీల్ ఉల్లిగడ్డ మీద పడి జారింది. గుండు గాల్లోకి పోయింది. ఆమె లేచేలోపు అతను పిస్టల్‌ను తన్నేసి మణికట్టు పట్టేశాడు. లక్క గాజులు చిట్లాయి.

"వేరు కొన ఎందుకు చూపిచ్చినవ్?"

"నీకు తేడా తెల్వదనుకున్న."



టీమ్ తిరిగొచ్చి ఆమెను తీసుకుపోయింది. పసుపు వ్యాన్‌లోని నారు ట్రేలన్నీ సీల్ వేసి కాల్చడానికి పంపారు. ఫోన్ స్పీకర్‌లో విమలాదేవి గొంతు: "శభాష్. వేల ఎకరాల పంట కాపాడినవ్."

వెనక నుంచి లక్ష్మయ్య అతని భుజం తట్టాడు.

"పంట మంచిగనే కాపాడినవ్ బిడ్డా. ఇగ కూసోని నా ఉల్లిగడ్డలు ఏరు."