జకర్యా సారు వంతు

పద్మారావు నగర్‌లో ఒక కంపెనీ సెల్లార్‌కు మంచి పేరు లేదు. అక్కడికి పగలు కూడా ఎవరూ ఒంటరిగా దిగరు. కింద ఉన్నది సర్వర్ గది. దానికి నేల నుంచి కప్పు దాకా ఇనుప గేటు — ఊచలతో గుండ్రంగా తిరిగేది, ఒక్కసారికి ఒక్క మనిషినే వదిలేది. ఆ సర్వర్లు చూసుకునే జకర్యా సారు ఆ గేటుకు లోపలి వైపునే పోయారు. గుండెలో నొప్పి వచ్చి, బయటికి రావడానికి కార్డు గీకారట... గేటు తిరగలేదు. అవతలి గోడకున్న పచ్చ బటన్ ఎవరైనా నొక్కితే తెరుచుకునేది. నొక్కడానికి అవతల మనిషి లేడు.

అప్పట్నుంచి రాత్రిళ్లు లోపల కార్డు గీకిన బీప్ వినిపిస్తుందని వాచ్‌మన్ బ్రహ్మచారి చెప్తాడు. ఆయనకేం, పిల్లి తుమ్మినా దెయ్యమే అని, సారు దగ్గర పని నేర్చుకున్న జెఫ్రీ నవ్వేసేవాడు. ఆ జెఫ్రీకే జరిగింది ఇది. విన్నది విన్నట్టు చెప్తున్నా.

ఆదివారం. ఆఫీసుకు సెలవు. గేటును నడిపే పాత సర్వర్ తీసేసి, కొత్తదానిలో మెసేజ్ క్యూ పెట్టాలని సాయంత్రం జెఫ్రీ ఒక్కడే దిగాడు. క్యూ అంటే బ్రహ్మవిద్యేం కాదు. స్టేషన్‌లో టికెట్ కౌంటర్ ముందు లైను లాంటిదే. కార్డు గీకితే ఒక మెసేజ్ వెళ్లి లైనులో నిలబడుతుంది. దాని వంతు రాగానే సర్వర్ గేటును ఒక్క తిప్పు తిప్పుతుంది.

పాతదాన్ని ఆపేసి, అందులో ఉన్నదంతా చెరిపేసి పనిలో పడ్డాడు. బయట ఎప్పుడో చీకటి పడింది. ఏసీ రిపేరులో ఉంది, గదంతా ఉక్క. ఉన్నట్టుండి ఛాతీ పట్టేసింది. చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. ఇన్‌హేలర్ చూస్తే పైన బండి డిక్కీలో ఉండిపోయింది. తెచ్చుకుందామని వెళ్లి కార్డు గీకాడు.

బీప్... గేటు కదల్లేదు.

అప్పుడు వెలిగింది. గేటును తిప్పే సర్వర్‌ను తనే ఆపాడు — లోపల కూర్చుని! ఫోనుకు సిగ్నల్ లేదు. కొత్త సర్వర్‌కు ఇంటర్నెట్ ఇంకా ఇవ్వలేదు.

"బ్రహ్మచారన్నా!" అని అరిచాడు. పై మెట్ల దాకా కూడా వెళ్లి ఉండదు ఆ కేక. తెల్లారేదాకా ఎవరూ దిగరు. అప్పటిదాకా ఊపిరి ఆడుతుందా?

ఇక దిక్కు ఆ నల్ల తెర ఒక్కటే. కమాండు కొట్టాడు. క్యూ తయారైంది. మళ్లీ వెళ్లి కార్డు గీకి వచ్చాడు. లైనులో ఎన్ని మెసేజ్‌లు ఉన్నాయో చూపించమని అడిగాడు.

రెండు.

క్యూ పెట్టాక తను గీకింది ఒక్కసారే... తెరిచి చూశాడు. వెనకది — జెఫ్రీ. ముందున్నది — జకర్యా.

సారు కార్డు సారు మెడలోనే ఉండిపోయింది. శవపెట్టె మూసేటప్పుడు తీయాలని ఎవరికీ తోచలేదు. ఆ పెట్టె మీద జెఫ్రీ కూడా ఒక గుప్పెడు మట్టి వేశాడు.

లైను మొత్తాన్ని తుడిచేసే కమాండు ఒకటుంది. తుడిచేసి మళ్లీ కార్డు గీకితే తనే ముందు. గబగబా కొట్టాడు... ఎంటర్ మీద వేలు ఆగిపోయింది. ఆ కమాండు నేర్పింది జకర్యా సారే. నేర్పిన రోజే అన్నారు — "ఊకె కొట్టకు జెఫ్రీ. లైన్ల నిలబడ్డోడు ఎంత తక్లీఫ్‌ల ఉన్నడో మనకేం తెలుసు?"

కొట్టింది చెరిపేశాడు. గేటు వైపు చూడకుండానే గొణిగాడు.

"ముందు మీరే పోండి సార్..."

లైనులోని మెసేజ్‌లను ఒక్కొక్కటే తీసుకుని గేటును తిప్పే ప్రోగ్రాం నడిపించాడు.

టక్ — గేటు కదిలింది. ఎవరో బరువుగా నెడుతున్నట్టు ఊచలు మెల్లగా... మెల్లగా... ఒక్క తిప్పు తిరిగి ఆగాయి. వాటి మధ్య ఎవరూ లేరు.

ఇక తన వంతు. ఎదురుచూశాడు. గేటు తిరగలేదు. తెర మీద ఎర్ర అక్షరాలు — ప్రోగ్రాం ఆగిపోయింది. మళ్లీ నడిపాడు. మళ్లీ ఆగింది. ఎన్నిసార్లు నడిపినా అంతే. ఉన్న ఒక్క దారినీ చేతులారా ఇచ్చేసుకున్నాడు! ఏడుపొచ్చింది. ఊపిరి ఈల వేస్తోంది. పాక్కుంటూ గేటు దాకా వెళ్లి ఊచలు పట్టుకున్నాడు. సారు కూడా ఇలాగే, ఈ ఊచలే పట్టుకుని ఉంటారు...

టక్.

చేతుల కింద ఊచలు కదిలాయి. పడుతూ లేస్తూ అవతలికి తూలాడు. ప్రోగ్రాం ఎలాగో మళ్లీ నడిచిందన్నమాట! అదే అనుకుంటూ మెట్లెక్కి, బండి డిక్కీ తెరిచి, ఇన్‌హేలర్ నోట్లో పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున జెఫ్రీనీ, అతనితో పనిచేసే అక్సానూ బ్రహ్మచారే బయటి బటన్ నొక్కి లోపలికి వదిలాడు. అక్సా సర్వర్ ముందు కూర్చుంది.

"అన్నా, గేటు ప్రోగ్రాం నిన్న ఒక్కసారే పనిచేసింది. మళ్ల లేవనే లేదు."

"అదెట్ల? నా కార్డుకు గేటు తిరిగింది కద?"

అక్సా తెరను అతని వైపు తిప్పింది.

"నీ మెసేజ్ ఇంకా లైన్లనే ఉంది, చూడు."

జెఫ్రీ గేటు దగ్గరున్న బ్రహ్మచారి వైపు తిరిగాడు. "అన్నా, రాత్రి నువ్వు కిందికొచ్చినవా?"

"నేనా? రాత్రిపూట గీడికి ఎవడొస్తడు సార్!"

"మరి నిన్ను బయటికి ఎవరు వదిలిన్రన్నా?" అక్సా గొంతు తగ్గించి అడిగింది.

జెఫ్రీ ఊచల మధ్య నుంచి, అవతలి గోడకున్న పచ్చ బటన్‌నే చూస్తూ నిలబడ్డాడు.