దుప్పట్ల గదిలో మేట్రన్

దుప్పట్ల గది దగ్గరికి ఒంటరిగా పోవద్దని ఆ ఇల్లు చూపించే ముసలావిడే చెప్పింది. మిషిగన్‌లోని నోవై నుంచి ఉత్తరానికి రెండు గంటలు డ్రైవ్ చేస్తే, మంచులో సగం కూరుకుపోయిన మూడంతస్తుల ఇల్లు వస్తుంది. నూట యాభై ఏళ్ళ కిందట అది ఆడపిల్లల బోర్డింగ్ స్కూలు. గడ్డకట్టిన నీళ్ళు పగలగొట్టి మొహం కడుక్కోవాలి, మాడిన జావ మారు మాట్లాడకుండా తాగాలి, నవ్వితే పీటెక్కి గంటసేపు నిలబడాలి... అక్కడ చదువంటే అదీ!

తెల్లవారుజామున నాలుగింటికి మేట్రన్, అంటే హాస్టల్ వార్డెన్, వచ్చి దుప్పట్లు లాగేదట. లేవని పిల్లని నడవ చివర దుప్పట్ల గదిలో పెట్టి గొళ్ళెం వేసేదట. ఒక చలికాలం — వేసిన గొళ్ళెం తీయడం మరిచిపోయింది. ఆ పిల్ల కోసం మేట్రన్ దయ్యమై ఇప్పటికీ మంచం మంచం వెతుకుతుందని చెప్తారు.

సాయి ప్రియ వాళ్ళ టెన్త్ గ్రేడ్ క్లాసులో అలాంటి స్కూలున్న పాత ఇంగ్లీషు నవల చదువుతున్నారు. చదివితే చాలదు, అనుభవించాలంది టీచరమ్మ. క్లాసులో ఆడపిల్లలందర్నీ ఒక రాత్రికి అక్కడికి తీసుకొచ్చి, ఫోన్లు లాగేసుకుని, పొడుగాటి తెల్ల గౌన్లు, తలకి టోపీలు ఇచ్చింది. తోడొచ్చిన తల్లులకీ అదే వేషం. ఆ తల్లుల్లో సాయి ప్రియ వాళ్ళమ్మ సుధ కూడా ఉంది.

అసలు సాయి ప్రియ గుండెల్లో రాయి మేట్రన్ కాదు, వాళ్ళమ్మే. జూన్‌లో కూతుర్ని విజయవాడ దగ్గర, తను చదివిన హాస్టల్ కాలేజీలోనే ఇంటర్‌లో వేస్తానని కూర్చుంది. ఫామ్ నింపడం అయిపోయింది. సోమవారం సబ్మిట్ చేయడమే మిగిలింది.

రాత్రి భోజనంలో జావ చూసి పిల్లలంతా మూతులు ముడిస్తే, సుధ మాత్రం లొట్టలేసుకుంటూ తాగింది.

"మా మెస్ సాంబారు కన్నా వంద రెట్లు నయం. డిసిప్లిన్ అంటే ఇట్లా ఉండాలి. రెండేళ్ళు హాస్టల్‌లో ఉంటే నువ్వూ బాగుపడతావ్. నేను బాగుపడలేదా?"

"మమ్మీ... ప్లీజ్. అక్కడ నాకు ఎవరూ లేరు."

"ఉంటే చదవరు," అంది సుధ. ఇక ఆవిడతో వాదించడం దండగ.

పన్నెండు దాటింది. రెండు దాటింది. ఇరవై మంచాల హాల్లో అందరూ నిద్రపోయారు — సాయి ప్రియ తప్ప. తలుపు మీది ఎగ్జిట్ బోర్డు ఎర్రటి వెలుగు తప్ప ఇంకో దీపం లేదు. ఆ పిల్లకి చీకటంటే చచ్చేంత భయం.

కింద గడియారం నాలుగు కొట్టింది.

చెక్క నేల కిర్రుమంది... ఆగింది... మళ్ళీ కిర్రుమంది.

మొదటి మంచం దుప్పటి జారింది. రెండోది... మూడోది... తెల్ల గౌను, తల మీద టోపీ. మొహం కనిపించడం లేదు. అది వంగుతోంది, లాగుతోంది, ముందుకొస్తోంది. పక్క మంచం మేగన్ దుప్పటి కూడా పోయింది. ఆ పిల్ల నిద్రలోనే ముడుచుకుంది.

ఇక తన వంతు. సాయి ప్రియ దుప్పటి అంచు పళ్ళతో కరిచిపట్టుకుంది. చల్లటి చెయ్యి దాన్ని ఒక్క లాగు లాగేసి, చెవి దగ్గరికి వంగి గుసగుసగా అంది —

"లేవండే... స్టడీ అవర్..."

సాయి ప్రియకి పై ప్రాణాలు పైనే పోయాయి. మరుక్షణం కిందికి దిగొచ్చాయి. మిషిగన్ మేట్రన్‌కి తెలుగెలా వచ్చింది?

తెల్ల గౌను నడవలోకి నడిచింది. సాయి ప్రియ గోడ పట్టుకుని వెనకాలే వెళ్ళింది. దుప్పట్ల గదిలో సుధ గోడ వైపు తిరిగి, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. కిటికీలోంచి పడే మంచు వెలుగులో పక్కనుంచి చూస్తే, కళ్ళు మూతలు పడి ఉన్నాయి. నిద్రలో నడుస్తోంది!

"మేడమ్... ఒక్క నిమిషం అమ్మతో మాట్లాడనివ్వండి మేడమ్. ఆదివారం దాకా ఆగలేను. ఈసారి ర్యాంక్ తెచ్చుకుంటాను..."

ముప్ఫై ఏళ్ళ కిందటి ఏడుపు అది. సాయి ప్రియకి అమ్మని గట్టిగా పట్టుకోవాలనిపించింది. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది. పాపం, పుణ్యం చూసుకునే టైము కాదు, సోమవారం ఎంతో దూరంలో లేదు. వార్డెన్‌లా గొంతు బొంగురు చేసింది.

"సుధా! మీ డాటర్‌ని ఈ హాస్టల్‌లో వేస్తావా?"

భుజాలు ఉలిక్కిపడ్డాయి. కూతురు ఊపిరి బిగబట్టింది.

"వెయ్యను మేడమ్."

"ప్రామిస్?"

"ప్రామిస్ మేడమ్. దానికి చీకటంటే భయం. ఎవరికీ చెప్పుకోదు. లైట్ వేసుకుని పడుకుంటుంది, నిద్రపోయాక నేను రోజూ వెళ్ళి ఆర్పుతాను."

అమ్మకి అదంతా తెలుసన్న సంగతే సాయి ప్రియకి తెలియదు. కళ్ళు తుడుచుకుని, చప్పుడు కాకుండా తలుపు వైపు రెండడుగులు వేసింది.

"ఏమే... మా వార్డెన్‌కి అమెరికా యాస ఎప్పుడు పట్టుకుందే?"

సాయి ప్రియ కెవ్వుమంది. సుధ ఇటు తిరిగి చూస్తోంది. చెంపలు తడిగా ఉన్నాయి, పెదవుల మీద నవ్వుంది.

"మమ్మీ! నువ్వు... ఎప్పుడు లేచావ్?"

"నువ్వు 'సుధా' అని అరిచినప్పుడే."

"అయితే... ప్రామిస్?"

సుధ తల మీద టోపీ తీసి కూతురి నెత్తిన పెట్టింది.

"లేచాకే కదే చేశాను!"