ఒంటి మీద మారని ఊద్

మానుకోట స్టేషన్ రోడ్డులో నాదొక చిన్న అత్తరు దుకాణం. నా పేరు కైసర్. నా ముక్కు మీద నాకు కాస్త గర్వమే. కళ్ళు మూసుకుని కూడా ఏ అత్తరు ఏదో చెప్పేస్తాను. ఆ ముక్కే నా కొంప ముంచింది.

పొద్దున పది గంటలకు బురఖాలో ఒకామె వచ్చింది. పేరు షహనాజ్ బేగం అనీ, చిట్యాల నుంచి వచ్చాననీ చెప్పింది. సంచిలోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది. సగానికి పైగా ఖాళీగా ఉంది.

"మా ఆయన దుబాయ్‌ల ఉన్నప్పుడు తెచ్చిండు భాయ్. మంచి ఊద్ అత్తరు. మీరే ఉంచుకోండి. పైసలొద్దు."

"ఊరికే ఎందుకక్కా?"

"ఇంట్ల ఉంచబుద్ధి అయితలేదు."

మూత తీశాను. నా దుకాణం మొత్తం అమ్మినా అలాంటి ఊద్ దొరకదు. ఇంకేమైనా ఉంటే తెమ్మని ఆమె నంబరు తీసుకున్నాను.

వాడిన సీసా ఎవరు తెచ్చినా, అది శవానికి చుట్టే కఫన్ గుడ్డకు రాయడానికి తీసిందా అని ముందు అడగాలన్నది మా ఇంటి నియమం. శవానికి పూయగా మిగిలింది గోరీలోనే ఒంపేయాలి, బతికినవాళ్ళ ఒంటికి తగలకూడదు. నేను అడగలేదు. అడిగితే ఆమె జవాబు చెబుతుంది. చెబితే సీసా తిరిగి ఇచ్చెయ్యాలి. అంత మంచి సరుకు వదులుకోవడానికి నాకు మనసు రాలేదు.

ఆమె వెళ్ళగానే మణికట్టు మీద ఒక చుక్క రాసుకున్నాను. బడికి సెలవు కావడంతో మా అమ్మాయి ఫరహత్ దుకాణంలోనే ఉంది. దానికి ఏడేళ్ళు. కొత్త అత్తరు వచ్చిందంటే చెయ్యి చాపాల్సిందే.

"నాకు, అబ్బూ."

దానికీ ఒక చుక్క రాశాను. వెంటనే ముక్కు మూసుకుంది. "ఛీ, మేకల కొట్టం వాసన!"

"ఆగు బిడ్డా. ఊద్‌కు జర టైమియ్యాలె," అని నవ్వాను.

ఊద్ మొదట అలాగే కొడుతుంది. పశువుల పాక, పాత తోలు, కాస్త దవాఖాన మందు. ఒంటి వేడి తగిలేకొద్దీ ఆ గాటు తగ్గి, చెక్క కాలిన పొగ వాసన వస్తుంది. మధ్యాహ్నానికి తేనె. సాయంత్రానికి అది చర్మం సొంత వాసనే అన్నంత మెత్తగా మిగులుతుంది. ఇద్దరి మీద ఒకేలా ఉండదు గానీ, మారడం మాత్రం మారి తీరుతుంది.

పన్నెండు గంటలకు నా చెయ్యి పొగ వాసన వేస్తోంది. ఫరహత్ నీళ్ళ సీసా అందుకోవడానికి నా మీదుగా వంగింది. మేకల కొట్టం. ఇప్పుడే రాసినట్టు.

చెయ్యి పట్టుకుని చూశాను. ఇసుమంత కూడా మారలేదు. సబ్బుతో కడిగాను. తుడిచాను. అదే వాసన. రెండు గంటలకు నాది తేనెలోకి దిగింది. దానిది... అదే.

ఇక కూర్చోలేకపోయాను. నాలుగడుగుల దుకాణంలో అటూ ఇటూ తిరిగాను. బేరాలు వస్తే లేదని పంపేశాను. మా నాన్న మయ్యత్‌లకు, అంటే శవాలకు, స్నానం చేయించేవాడు. ప్రాణం లేని ఒంటి మీద అత్తరు మారదని, రాసింది రాసినట్టే ఉంటుందని ఆయనే చెప్పాడు.

కానీ ఫరహత్ నా ఎదురుగా బిస్కెట్ తింటోంది. చెయ్యి వెచ్చగా ఉంది. నాడి కొట్టుకుంటోంది.

ఫోన్ చేశాను.

"అక్కా... ఆ సీసా..."

"మీరు అడగలే భాయ్." ఆమె గొంతు గుసగుసలా ఉంది. "మా ఆయన మయ్యత్‌కు పూసిందే. పన్నెండు దినాలాయె."

"మరి మిగిలింది గోరీల ఎందుకు పొయ్యలే?"

ఆమె గొంతు ఇంకా తగ్గించింది.

"భయమైంది. పొద్దుగాల పూసినం. మయ్యత్ లేపేసరికి... ఆయన ఒంటి మీద వాసన మారింది. ముందు పొగ, ఎనక తేనె. ఇంక పోస్తే లేస్తడనిపించింది భాయ్."

ఫోన్ పెట్టేసింది.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించింది. షట్టర్ సగం దించి, ఫరహత్ ముందు కూలబడ్డాను. దాని చెయ్యి నా రెండు చేతుల్లో పెట్టుకున్నాను.

"ఆశపడ్డది నేను. నా మీదికి రా. దీన్ని ఇడిచిపెట్టు," అని గొణిగాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు.

"ఏమైంది అబ్బూ?"

"ఏం లేదు బిడ్డా. చెయ్యి జర గిట్లనే ఉంచు."

వాసన చూశాను. గాటు... తగ్గింది. మళ్ళీ చూశాను. పొగ. సన్నగానే, కానీ పొగే. ఇంకాసేపటికి తేనె. సిగ్గు లేకుండా వెక్కి వెక్కి ఏడ్చాను. అంత సంతోషం నాకు అది పుట్టిన రోజున కూడా కలగలేదు.

కళ్ళు తుడుచుకోబోయాను. మేకల కొట్టం గుప్పుమంది.

నా చేతి నుంచి.

మణికట్టు తడిగా ఉంది. అరచేతులూ తడిగా ఉన్నాయి. నుదురు తడుముకున్నాను... జిడ్డు. సీసా అల్మారాలో ఉంది. తాళంచెవి నా జేబులో ఉంది.

మయ్యత్‌కు నమాజులో నేలకు తగిలే చోట్లన్నిటా పూస్తారు. నుదురు, అరచేతులు, మోకాళ్ళు, కాలివేళ్ళు.

మోకాళ్ళ దగ్గర నా పైజామా మీద రెండు గుండ్రటి మరకలున్నాయి.

"నువ్వు నడువు బిడ్డా, నేనొస్త," అని ఫరహత్‌ను వెనకాలే ఉన్న ఇంట్లోకి పంపేశాను. చెప్పులు విప్పి బల్బు కింద కూర్చున్నాను.

కాలివేళ్ళు ఇంకా పొడిగానే ఉన్నాయి.