నోటితో అడిగిన రోజు

ఉదయం ఎనిమిదింటికి కాకినాడ ‘సంభార’ గిడ్డంగి మీద, ఇళ్లకి పొట్లాలు మోసుకెళ్లే యంత్రాలు, సరుకుగద్దలన్నీ రెక్కలు ముడుచుకుని కూర్చున్నాయి. పదహారేళ్లలో అవి ఆ వేళకి ఎగరకపోవడం అదే మొదటిసారి.

ఇంటింటికీ సరుకు చేర్చే సంస్థ సంభారకి ఇరవై లక్షల మంది సభ్యులు. ప్రతి ఇంటి వంటగదిలోనూ ‘ముందెరుక’ అనే యంత్రం ఉండేది. ఏ డబ్బా ఖాళీ అవుతోందో చూసి, ఇంట్లోవాళ్లు అనుకోకముందే సరుకు తెప్పించేది. వంటమర వండిపెట్టేది. ఇప్పుడు ప్రభుత్వం చట్టం చేసింది: సభ్యులు నోటితో పేరు చెప్పి అడగనిదే ఏదీ పంపకూడదు. మొదటిరోజైన ఇవాళ సాయంత్రం ఆరింటిలోగా సగం ఇళ్లయినా అడగకపోతే ఆ గిడ్డంగికి తాళమే.

కాకినాడ గిడ్డంగి కింద ఎనిమిది వేల ఇళ్లు. అధికారిణి వసుంధర నలభై మందిని ఫోన్ల ముందు కూర్చోబెట్టి, పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం కోసం చూసినట్టు ఎదురుచూసింది.

పిలుపులు వరదలా వచ్చాయి. అందరిదీ ఒకటే మాట.

“ఎప్పుడూ పంపేదే పంపండి.”

“పేరు చెప్పాలండీ.”

“పేరా? పొట్లం వస్తుంది, మరలో పడుతుంది. పేరెవరు చూశారు?”

పది దాటేసరికి ఒక్క కోరికా నమోదు కాలేదు. “మేడమ్, వీళ్లకి అడగడం మరుపొచ్చేసింది,” అన్నాడు సహాయాధికారి నూకరాజు.

వసుంధర తనే ఒక పిలుపు అందుకుంది. అవతల సత్యానందం గారు, రేవులో పడవలు నడిపి రిటైరైన మనిషి.

“ఏం తినాలనుందండీ మీకు?”

“తెలీదమ్మా. ఉండు, మా ఆవిణ్ణి అడుగుతాను. మంగతాయారూ, నీకేం కావాలి?”

“నాకా? చింతచిగురు. ఎండురొయ్యలు వేసి.”

“నీకు పెసరపప్పు కదా ఇష్టం?”

“మీకిష్టమని తింటున్నాను.”

“నాకా? నీకోసమే కదా నేను తింటున్నది!”

వసుంధరకి అప్పుడు అర్థమైంది. డబ్బా ఖాళీ కావడం ముందెరుక చూసింది. ఒకరికోసం ఒకరు ఖాళీ చేస్తున్నారని దానికి తెలియలేదు. పదహారేళ్లు పెసరపప్పు పంపుతూనే ఉంది.

ఆమె లేచి నిలబడి గదిలో అందరికీ చెప్పింది. “మీకేం కావాలని అడక్కండి. ఇంట్లో పక్కనున్నవాళ్లని ఏం కావాలో అడిగి చెప్పమనండి.”

గది మారిపోయింది. వాక్కాయలు, తాటితాండ్ర, కుంకుడుకాయలు, జొన్నపిండి. నలభై గొంతులు పోటీపడి పేర్లు చదువుతున్నాయి. సగం సరుకు గిడ్డంగిలో లేనేలేదు.

“ఇవన్నీ ఎక్కణ్ణుంచి తెస్తారు?” పెద్దాఫీసు నుంచి ఫోను.

“తెస్తామండీ. నూకరాజు పిఠాపురం సంతకి బయల్దేరాడు,” అంది వసుంధర నవ్వుతూ.

ఐదున్నరకి లెక్క నాలుగు వేలు దాటింది. నూకరాజు తెచ్చిన సరుకుతో మొదటి సరుకుగద్ద పైకి లేచింది.

కాసేపటికి సత్యానందం గారు మళ్లీ పిలిచారు.

“అందిందాండీ?”

“అందింది. ఇంకోటి కావాలమ్మా.”

“చెప్పండి, రాసుకుంటాను.”

“సరుకు కాదు. ఈ వంటమర ఎలా ఆపాలి? మా ఆవిడ చేత్తో వండుతానంటోంది. చిగురు నలిపే పని నాకు చెప్పింది.”

“వెనకాల ఎర్ర మీట ఉంటుందండీ. కిందికి నొక్కండి.”

మర మూలుగు ఆగింది. వాళ్లు ఫోను పెట్టడం మరిచిపోయారు. ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడుతుంటే, ఏ మాట ఎవరిదో వసుంధరకి తెలియలేదు.