చివరి ఇంటికి నీళ్లు

నీటి చుక్క పడింది. దానికోసం మూడేళ్లు కాచుకున్న నూకరత్నం, తీరా పడేసరికి చెయ్యి పట్టడం మరిచిపోయింది.

"పడింది పిన్నీ. నువ్వన్నదే నిజమైంది," అంది సైంటిస్టు విశాల, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

విశాఖ తూర్పుకొండ వాలులో నూకరత్నానిది అప్పడాల వ్యాపారం. డబ్బా మూత తీసి ఉంచితే సముద్రపు గాలికి అప్పడాలు ఎంతలో మెత్తబడతాయో ఆవిడకి తెలిసినంత ఏ సైంటిస్టుకీ తెలియదు. గాలిలో అంత తేముంటే పిండుకోలేమా అని మూడేళ్ల కిందట విశాలను అడిగింది. విశాల దోమతెరలాంటి షీటుకి ఒక పొడి పూసింది. ఆ పొడి రాత్రంతా తేమ పీల్చుకుంటుంది. ఎండ తగిలితే ఆవిరిగా వదిలేస్తుంది. ఆవిరి చల్లని రేకుకి తగిలి నీరవుతుంది. మెషీన్ అంటే అంతే, కరెంటు కూడా అక్కర్లేదు.

ఏడాది తిరిగేసరికి కొండమీద రెండు వందల ఇళ్లు ఆ నీళ్లే కొనుక్కుంటున్నాయి. అప్పుడొచ్చింది నోటీసు.

నగరంలో నీటి సరఫరా ప్రైవేటు కంపెనీల చేతికి వెళ్లి అప్పటికి పదేళ్లు. తూర్పుకొండ లైసెన్సు జలసీమ కంపెనీది. వాళ్ల పైపులు సగం కొండ కూడా ఎక్కలేదు గానీ, ఇంకొకరు చుక్క అమ్మితే మాత్రం షీట్లు జప్తు చేస్తారట. నూకరత్నం నీటి నియంత్రణ కమిషన్‌కి అర్జీ పెట్టుకుంది.

కమిషన్ బహిరంగ విచారణ పెట్టింది. జలసీమ మేనేజరు పురుషోత్తమరావు దర్జాగా లేచాడు.

"కొండ చివరి ఇంటికి నీళ్లివ్వడం శుద్ధ నష్టం సార్. ఏ వ్యాపారీ ఇవ్వలేడు. ఈ మాట రికార్డు చేసుకోండి."

నూకరత్నం లేచి నిలబడింది.

"నాకు సట్టాలు తెలీవు బాబూ. ఒకటే రూలెట్టండి. నీళ్లమ్మినోడు ఎవుడైనా సరే, కిందింటికిచ్చిన ధరకే సివరింటికీ ఇవ్వాల. ఇవ్వనేనోడు లైసెన్సు ఒగ్గీయాల. ఆ ధరకి నానిత్తాను."

కమిషన్ చైర్మన్ ఆ రూలునే ఉత్తర్వులో రాయించాడు. నెల గడువిస్తే జలసీమ వారానికే చేతులెత్తేసింది. లైసెన్సు నూకరత్నం పేరుకి మారిన రోజు కొండంతా డప్పులు మోగాయి. ఆవిడ సిగ్గుపడకుండా ఏడ్చేసింది, సంతోషంతోనే.

మూడో రోజున కొత్త నీటి కనెక్షను కోసం మొదటి దరఖాస్తు పట్టుకొచ్చినవాడు పురుషోత్తమరావు. ఆయన బంగళా శిఖరానికి అవతల, సముద్రపు గాలి సోకక, షీటు కట్టినా చుక్క రాలని చోటుంది. ఇన్నాళ్లూ కంపెనీ ట్యాంకరు ఉచితంగా నింపిపోయేది కాబట్టి, తనూ నీళ్లు కొనుక్కోవలసిన మనిషినని ఆయనకెప్పుడూ తోచలేదు. ఇప్పుడు కంపెనీ లేదు, ట్యాంకరూ లేదు.

విశాల లెక్కేసి తల పట్టుకుంది. "ఒక్క ఇంటికి మూడొందల మీటర్ల పైపు. శుద్ధ నష్టం పిన్నీ."

"ఆ మాట బాబుగారు ముందే రికార్డు సేయించీసినారు గదమ్మా," అంది నూకరత్నం నవ్వుతూ. "పైపెయ్యండి. అందరి ధరే."

దరఖాస్తులో ఇంటి గుర్తు రాయాల్సిన చోట పురుషోత్తమరావు కలం ఆగింది. ఆ తర్వాత 'కొండ చివరి ఇల్లు' అని రాసి సంతకం పెట్టాడు.