కొత్త డ్రైవులో ముందే ఉన్న ఫైలు

అక్క ఒక పని చెప్పిందంటే అది అయ్యేదాకా ప్రాణం తోడేస్తుంది. అందుకే ఆదివారం మధ్యాహ్నం, కిటికీ కూడా లేని మెట్ల కింది గదిలో, చెప్పుల అరకీ ఇస్త్రీ బల్లకీ మధ్య ముడుచుకుని కూర్చున్నాడు తమ్ముడు. ఎదురుగా బావ తన చేత్తో అమర్చుకున్న సర్వర్. బావ పోయి రెండు నెలలైంది. ఆయన గొంతు రికార్డులన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. పాత డిస్కు నేడో రేపో అన్నట్టు టిక్కు టిక్కుమంటోంది.

“జాగ్రత్తరా. అవి పోతే ఆయన రెండోసారి పోయినట్టే,” అంది అక్క గుమ్మంలోంచి.

“నువ్వు కంచాలు పెట్టేలోపు వచ్చేస్తానుగా!”

దుమ్ము బయటికొస్తోందని ఆవిడ తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.

కొత్త క్యాష్ డ్రైవు బిగించాడు. ఏ ఫైలైనా ముందు ఈ చిన్న డ్రైవులో చకచకా దిగుతుంది. తర్వాత తీరిగ్గా పెద్ద డిస్కుల్లోకి మారిపోతుంది. ‘బావ’ అని షేర్ ఫోల్డర్ పెట్టి, మానిటర్‌లో తెరిచి చూశాడు.

ఖాళీగా లేదు. ఒక ఫైలుంది.

ఇంకా ఏదీ కాపీ చేయలేదు. ఎవరో ఇంట్లోంచి ఎక్కిస్తున్నారేమోనని నెట్‌వర్క్ తీగ పీకేశాడు. అయినా ఫైలు పెరుగుతూనే ఉంది. కాలిన ప్లాస్టిక్ వాసన... హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. ముందు డిస్కు టిక్కులు. తర్వాత ఎవరిదో ఊపిరి. ఆ తర్వాత తన గొంతే.

“అయిపోయిందక్కా, వస్తున్నా.”

అతను ఆ మాట అననేలేదు.

హెడ్‌ఫోన్లు లాగి పడేశాడు. అదే మాట ఇప్పుడు బయట హాల్లో వినిపించింది. మానిటర్‌లో ఫైలు మాయమైంది.

తలుపు లాగాడు. రాలేదు. దానికసలు గడియే లేదు! అరచేతులు మండేలా బాదాడు... చప్పుడు లేదు. అరిచాడు... తన అరుపు తనకే వినపడలేదు. పైప్రాణాలు పైనే పోయాయి.

బయట కంచాలు కదిలాయి. అక్క నవ్వింది. రెండు నెలల తర్వాత మొదటిసారి నవ్వింది. అది విని అతనికి ఏడుపొచ్చింది.

నవ్వు ఆగిపోయింది. అడుగులు తలుపు దాకా వచ్చాయి.

“తమ్ముడూ... లోపలున్నావా?” గుసగుస.

ఉన్నానక్కా! ఉన్నా!

“ఉంటే పలకరా... భోజనాల బల్ల దగ్గర కూర్చున్నది నువ్వు కాదు కదా? ముద్ద మీద ముద్ద పెట్టుకుంటున్నాడు... మింగట్లేదురా.”

పారిపో అక్కా, పారిపో అని తలుపుకి నోరు ఆనించి అరిచాడు. వెనక మానిటర్ వెలిగింది. అతను పెట్టని ఫోల్డర్ ఒకటి వచ్చింది. దాని పేరు ‘అక్క’. అందులో ఒక ఫైలు పెరుగుతోంది.

నేల మీద పడున్న హెడ్‌ఫోన్లలోంచి, సన్నగా, కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడుతూ అక్క గొంతు...

“వస్తున్నానండీ.”

తలుపవతల అక్క ఇంకా అతన్నే పిలుస్తోంది.