నీలం అట్ట ప్రయాణపత్రం

మెట్లెక్కి వచ్చిన అమ్మాయి కోటు బొత్తాలు తప్పు కాజాల్లో పెట్టుకుని ఉంది. కూర్చోమంటే ముందు కిటికీ దగ్గరికి వెళ్లి, కింద వీధిలో ఎవరైనా ఉన్నారేమో చూసుకుని, ఆ తర్వాతే కుర్చీ అంచున కూర్చుంది.

"నా ట్రావెల్ డాక్యుమెంట్ ఎవరో తీసేశారండీ. రేపు సాయంత్రం సింగపూర్ ఫ్లైట్," అంది.

కెనడాలోని వాటర్లూలో లైట్ రైలు స్టేషన్ ఎదురుగా ఉన్న ఆ చిన్న ఆఫీసు చాముండేశ్వరిది. ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుంటూ సగం జీవితం గడిపి, ఇప్పుడు లైసెన్సు తీసుకుని సొంతంగా పరిశోధన చేస్తోంది. ఆమెకు సహాయకుడు డాక్టర్ యోగానంద్. హాస్పిటల్లో మత్తుమందు ఇచ్చే డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఇన్నేళ్లూ జనాన్ని నిద్రపుచ్చిన ఆయనకి, జనానికి నిద్ర లేకుండా చేసే ఈమె పనంటే మహా ముచ్చట. కారు నడుపుతాడు, నోట్సు రాస్తాడు, కేసుకొకసారి తప్పుడు మనిషిని అనుమానిస్తాడు.

వచ్చినామె పేరు సుధామయి. లండన్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. ఇంగ్లండులోది కాదు, మన ఒంటారియో లండన్. అక్కడ వృద్ధాశ్రమంలో పని చేస్తోంది. ఆమె తన కథ ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పింది. కులం కాని వాణ్ణి పెళ్లి చేసుకుంది. పెళ్లయిన ఏడాదికి ఆమె తండ్రి మనుషులు అతన్ని నడిరోడ్డు మీద నరికేశారు. కోర్టులో సాక్షులు ఒక్కొక్కరే మాట మార్చారు. తర్వాతి వంతు తనదేనని తెలిసి ఆమె కెనడా చేరి శరణు కోరింది. శరణార్థుల బోర్డు ఆమె మాట నమ్మి రక్షణ ఇచ్చింది. భారతదేశం పాస్‌పోర్టు ఇక వాడకూడదు కాబట్టి శరణార్థులకిచ్చే నీలం అట్ట ప్రయాణపత్రానికి అప్లై చేసింది. దానితో ఏ దేశమైనా వెళ్లవచ్చు, పుట్టిన దేశం తప్ప.

ఆ దరఖాస్తుకి, ఈమె ఎవరో తెలుసని హామీ ఇచ్చే గ్యారంటరు సంతకం కావాలి. ఇంటి ఓనరు రాఘవయ్యని అడిగితే క్షణంలో పెట్టేవాడు. కానీ సుధామయి తెలుగువాళ్లెవరినీ అడగలేదు. వృద్ధాశ్రమంలో తన సూపర్‌వైజరు చేత పెట్టించుకుంది. ఊళ్లో అందరికీ ఆమె ఉత్త సుధ. ఊరు అడిగితే వైజాగ్ అని చెప్పేది. ఇంటిపేరు అడిగితే మాట మార్చేసేది. (ఆ ఇంటిపేరు ఇక్కడ కూడా రాయడం లేదు. రాస్తే చదివేవాళ్లలో ఎవరో ఒకరు ఆరా తీయక మానరు.)

"సింగపూర్‌లో ఎవరిని కలుస్తున్నావమ్మా?" అని చాముండేశ్వరి అడిగింది.

"మా చెల్లెలు హైమావతిని. కాలేజీ వాళ్లతో టూరుకి వస్తోంది. ఐదేళ్లయింది దాన్ని చూసి. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. నేను అద్దెకుండే ఇంటివాళ్లకి ఫ్రెండ్ పెళ్లికని చెప్పా."

నిన్న డ్యూటీ నుంచి వచ్చి చూస్తే పెట్టెలో ప్రయాణపత్రం లేదు. పక్కనే ఉన్న గొలుసు, డాలర్లు, టికెట్టు, వీసా కాగితం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. బేస్‌మెంట్‌లో ఆమె గదికి తాళం లేదు. బయటి తలుపు ఎవరూ పగలగొట్టలేదు. తండ్రి మనుషులు ఇల్లు కనిపెట్టేశారని ఆమె భయం. పోయిందని రిపోర్టు ఇచ్చి కొత్తది తెచ్చుకోవాలంటే నెలలు పడుతుంది. హైమావతికి వచ్చే నెల పెళ్లి. ఆ తర్వాత ఆ పిల్లని గడప దాటనివ్వరు.

చాముండేశ్వరి కోటు తొడుక్కుంది. కారులో పోతూ, ఆ ఇంట్లో ఎలా చూస్తారని మామూలుగా అడిగింది. మొదట్లో అంటీముట్టనట్టు ఉండేవారని, పండగపూట కూడా ఓనరు గారి భార్య బేబీ ఆంటీ బేస్‌మెంట్ మెట్ల మీద డబ్బా పెట్టి వెళ్లిపోయేదని సుధామయి చెప్పింది. ఇప్పుడు మాత్రం సొంత పిల్లలా చూస్తున్నారట. శివరాత్రి నుంచీ రోజూ పైకి పిలిచి, తమతోపాటు టేబుల్ దగ్గర కూర్చోబెట్టి భోజనం పెడుతున్నారట.

"అదృష్టవంతురాలివి," అన్నాడు యోగానంద్.

చాముండేశ్వరి, ప్రయాణపత్రం ఎప్పుడొచ్చిందని అడిగింది. శివరాత్రికి కాస్త ముందు, తను డ్యూటీలో ఉండగా కొరియర్‌లో వస్తే రాఘవయ్య అంకుల్ తీసుకుని ఉంచారని సుధామయి చెప్పింది. కవరు విప్పలేదని, అంటించింది అంటించినట్టే ఉందని కూడా చెప్పింది.

రాఘవయ్య ఓక్‌విల్ కార్ల ప్లాంటులో ఇంజనీరుగా చేసి, రిటైరయ్యాక లండన్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. ఊళ్లో తెలుగువాళ్లకి ఏ తగువొచ్చినా ఆయనే పెద్దమనిషి. డెబ్బై దాటినా నిటారుగా ఉంటాడు. ఆ రోజు మాత్రం కళ్లకింద నల్లగా ఉంది, గడ్డం గీసుకోలేదు.

ముందు చంద్రికని ప్రశ్నించారు. ఆ పిల్ల నిజామాబాద్ నుంచి చదువుకోవడానికి వచ్చి, సుధామయి పక్క గదిలోనే అద్దెకుంటోంది. స్టడీ పర్మిట్ పొడిగింపు తిరస్కరించారని, దిక్కు తోచక ఉందని ఇంట్లో అందరికీ తెలుసు.

"నేనెందుకు తీస్త ఆంటీ? దాంట్ల అక్క ఫోటో ఉంటది. నాకేం అక్కరకొస్తది? నా పర్మిట్ లొల్లిల నేనున్న," అంది చంద్రిక.

ఇమిగ్రేషన్ కన్సల్టెంటు దగ్గర పనిచేసే రేవంత్‌ని కూడా పిలిపించారు. సుధామయి దరఖాస్తు నింపింది అతనే. మొన్న సాయంత్రం వీసా కాగితం ఇవ్వడానికి వచ్చి బేస్‌మెంట్‌లోకి దిగాడు కూడా. రెండుసార్లు ఆమెను పెళ్లి చేసుకుంటానని అడిగాడట, ఆమె వద్దందట. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు గాని దాచలేదు. యోగానంద్ చాముండేశ్వరి వైపు అర్థవంతంగా చూశాడు. ఆయన దృష్టిలో కేసు అక్కడితో తేలిపోయింది.

బేబీ గారు టీ తెచ్చి, సుధ గురించి చాలా బాగా చెప్పింది. నెమ్మది, మర్యాద, ఎంతైనా పెద్దింటి పిల్ల కదా అంది. రాఘవయ్య మాత్రం ముక్తసరిగా జవాబిచ్చాడు. నిన్న పగలంతా ఇంట్లోనే ఉన్నాడట, చప్పుడేమీ వినలేదట. పోతేపోయింది, ప్రయాణం మానేస్తే సరిపోతుందన్నాడు. చివర్లో కిటికీలోంచి బయటికి చూస్తూ, తనలో తను అనుకున్నట్టుగా, "ఆ చిన్నపిల్ల అక్కడ ఎదురుచూస్తూ ఉంటుంది, అదొక్కటే నా బాధ," అన్నాడు.

చాముండేశ్వరి టీ తాగడం పూర్తిచేసి, అందర్నీ హాల్లో కూర్చోమంది.

"ఈ దొంగకి సుధామయి వస్తువులేవీ అక్కర్లేదు," అని మొదలుపెట్టింది. "బంగారం, డబ్బు ముట్టుకోలేదు. ఆమె విమానం ఎక్కకూడదు, అంతే. చంద్రికకి ఆ పుస్తకం పనికిరాదు. అమ్ముకోదలిస్తే పక్కనున్న గొలుసు తేలిక. పోతే రేవంత్. ఇది పోయిందంటే మొదటి విచారణ దాన్ని అప్లై చేసిన ఆఫీసు మీదే. ఆ సంగతి అతనికి తెలిసినంతగా ఈ గదిలో ఎవరికీ తెలియదు. పెళ్లికి ఒప్పుకోలేదన్న కోపానికి ఎవరూ తన ఉద్యోగం పోగొట్టుకోరు."

యోగానంద్ నోట్సులో రాసుకున్న పేరు మెల్లగా కొట్టేశాడు.

"మనవాళ్లకి ఒక అలవాటుంది. తెలుగు మనిషి కనబడితే ముందు ఏ ఊరు, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత ఎవరి తాలూకు. అది తేలేదాకా మనకి అన్నం సయించదు. ఎదుటి మనిషికి ఎంత దూరంలో అన్నం పెట్టాలో కూడా అది తేలాకే నిర్ణయిస్తాం. ఈ ఇంట్లో సుధకి ఏడాదిపాటు మెట్ల మీద డబ్బా. శివరాత్రి నుంచి టేబుల్ దగ్గర కుర్చీ. మధ్యలో ఏం జరిగింది? కొరియర్ కవరొచ్చింది. సర్కారు కవరు మీద పూర్తి పేరు ఉండక తప్పదు. విప్పక్కర్లేదు, చదివితే చాలు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పకపోయినా బేబీ గారికి పెద్దింటి పిల్ల అని అందుకే తెలిసింది."

బేబీ గారు భర్త వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

"అంతవరకైతే నేరం కాదు, అల్పత్వం. కానీ రాఘవయ్య గారూ, ఆమె ఫ్రెండ్ పెళ్లికి వెళ్తున్నానని చెప్పింది. అక్కడ ఎదురుచూసే చిన్నపిల్ల సంగతి మీకు ఎవరు చెప్పారు? సుధ చెప్పలేదు. హైమావతికి మీరెవరో తెలియదు. ఇక మిగిలింది వాళ్ల నాన్న."

సుధామయి లేచి, గోడకి వీపు ఆనించి నిలబడింది.

రాఘవయ్య నోరు విప్పాడు. కవరు మీద ఇంటిపేరు చూడగానే ఆయనకి ప్రాణం లేచివచ్చిందట. మనవాళ్లే కదా, ఎవరి అమ్మాయో కనుక్కుందామని గుంటూరులో ఉన్న స్నేహితుడికి వాట్సాప్‌లో పెట్టాడు. స్నేహితుడు ఇంకొకరికి పంపాడు. మర్నాటికల్లా సుధామయి తండ్రే ఫోన్ చేశాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. కోపాలన్నీ పోయాయని, బిడ్డ కోసం తల్లి ఏడుస్తోందని చెప్పాడు. రాఘవయ్య కరిగిపోయి, సుధామయి టికెట్టు కొనగానే ప్రయాణం తేదీలు చెప్పేశాడు. తండ్రి ఆ తేదీలకి చిన్నకూతురి టూరు జతచేసి, అక్కాచెల్లెళ్లు కలుస్తున్నారని ఇట్టే గ్రహించి, ఆ మాట రాఘవయ్యతోనూ అన్నాడు. తామూ వెళ్లి పెద్దదాన్ని ఆశ్చర్యపరుస్తామని, అమ్మాయికి చెప్పవద్దని అన్నాడు. అల్లుడి హత్య సంగతి వారం క్రితం ఆ గుంటూరు స్నేహితుడే మాటల్లో చెప్పాడు. అప్పటినుంచి రాఘవయ్యకి నిద్ర లేదు.

"చెప్పెయ్యాలనే అనుకున్నాను. నా వల్లే జరిగిందని చెప్పడానికి నోరు రాలేదు. అది లేకపోతే ప్రయాణం ఆగుతుంది కదా అనుకున్నాను," అన్నాడు.

లేచి పూజగదిలోకి వెళ్లి, దేవుడి పటాల కింద పరిచిన గుడ్డ ఎత్తి, నీలం అట్ట పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. చింపడానికి చేతులు రాలేదన్నాడు.

యోగానంద్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ఎంత తప్పు చేసినా పిల్ల ప్రాణం కాపాడాడు కదా అని ఆయన మెత్తబడ్డాడు. చాముండేశ్వరి మాత్రం ఇంకా రాఘవయ్య మొహంలోకే చూస్తోంది.

"తేదీలు కాక ఇంకేం చెప్పారు?" అంది.

"ఇంకేం లేదు."

"గుర్తు తెచ్చుకోండి."

"ఉగాదికి పిల్లకి చీర పంపిస్తామన్నారు. అడ్రస్ ఇచ్చాను."

ఉగాది వెళ్లి చాలా రోజులైంది. చీర రాలేదు. బేబీ గారు సోఫాలో కూలబడింది. చాముండేశ్వరి అప్పుడే ఫోన్ తీసి పోలీసులతో మాట్లాడింది. ఇంటి చిరునామా, తండ్రి పేరు, సింగపూర్ హోటల్, అన్నీ ఒకటికి రెండుసార్లు చెప్పింది. అరగంటలో సుధామయి ఆ ఇల్లు ఖాళీ చేయాలి.

సుధామయి పెట్టె తీసుకుని పైకి వచ్చేసరికి రాఘవయ్య గుమ్మం దగ్గర చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. పరాయిదానిగా ఎప్పుడూ చూడలేదమ్మా, మన పిల్లవని తెలిసి సంతోషించాను, అంతే, అన్నాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. అందులో ఉన్న ఘోరం ఆయనకి అప్పటికీ తెలియలేదు.

"నేనెవరో మీకు తెలియనన్నాళ్లూ ఇక్కడ క్షేమంగా ఉన్నాను అంకుల్," అంది సుధామయి.

ఆడవాళ్లకి ఆశ్రయమిచ్చే ఒక ఇంటికి యోగానంద్ కారు తీశాడు. అది ఏ ఊళ్లో ఉందో ఆయన నోట్సులో రాసుకోలేదు. దారిలో సుధామయి, చెల్లెలికి ఒక్క ఫోన్ చేసుకుంటానని అడిగింది. చాముండేశ్వరి వద్దంది. ఆ పిల్ల ఫోన్ తండ్రి చేతికి చేరకుండా ఉండదు. అక్కకి అంతా తెలిసిపోయిందని వాళ్లకి తెలిస్తే, ఆ కోపం ముందు పడేది హైమావతి మీదే. ఇప్పటికి ఆ పిల్లకి ఏమీ తెలియకపోవడమే ఆమెకు రక్షణ. మిగిలింది పోలీసులు చూడాలి.

సుధామయి వాదించలేదు. ప్రయాణపత్రం తెరిచి తన ఫోటో వంక కాసేపు చూసి మూసేసింది. రోడ్డు పక్కన మురికిపట్టిన మంచు కుప్పలు వెనక్కి పోతున్నాయి.

"నేను రావట్లేదని దానికి తెలీదు కదండీ. ఎయిర్‌పోర్టులో నాకోసం చూస్తుందా?"

చాముండేశ్వరి తనను నమ్మి వచ్చినవాళ్లతో ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. ఆ రోజు చెప్పాలనిపించింది.

"చూస్తుందమ్మా. నీ విమానంలో వచ్చినవాళ్లంతా వెళ్లిపోయేదాకా చూస్తుంది," అంది.

పొద్దున్నుంచీ కన్నీటిచుక్క రాల్చని సుధామయి అప్పుడు ఏడ్చింది.